వంగి నడిచే ఇల్లు

తలుపులో తాళంచెవి తిరిగిన చప్పుడు వినపడగానే గడియారం గొంతు పెంచాడు.

"అలాగే అన్నయ్యా! వానకి తడిసిన పార్శిళ్ళ ఫొటోలన్నీ నాకే పంపించెయ్యండి, నేను చూసుకుంటా!" అని అక్కర్లేని హుషారుతో అరిచాడు. ఆ అరుపు కింద తాళం చప్పుడూ, తలుపు కిర్రుమన్న చప్పుడూ, బూట్లు ఒకదాని తర్వాత ఒకటి నేలకి తగిలిన చప్పుడూ అన్నీ అణిగిపోయాయి. రాత్రంతా డ్యూటీ చేసి వచ్చిన భార్య గుమ్మం దగ్గరే కోటు విప్పింది. సంచీని పొట్టకి అదుముకుంది. నడుం సగానికి వంచి, మోకాళ్ళు మడిచి, అతని కుర్చీకీ వెనక గోడకీ మధ్యనున్న జానెడు దారిలోంచి బాతులా నడుచుకుంటూ పడగ్గదిలోకి వెళ్ళిపోయింది. కంప్యూటరు మీదున్న కెమెరాకి ఆమె జడ కొస కూడా చిక్కలేదు. అలవాటైన పని మరి.

గడియారం అనేది ఆఫీసులో పెట్టిన పేరు. పొద్దున హాజరు వేళకి తెరమీద ఎవరి మొహం వెలిగినా వెలగకపోయినా ఇతని మొహం వెలిగి తీరుతుందని ఆ పేరు. పెట్టినవాడు వాళ్ళ పై అధికారి. ఆయన్ని అందరూ అన్నయ్య అనాలి, సార్ అంటే ఆయనకి కోపం. "మనది ఆఫీసు కాదర్రా, ఇల్లు. ఇంట్లో సార్లుంటారా?" అంటాడు. అదే నోటితో, ఎవరైనా సెలవడిగితే, "ఇంట్లోవాళ్ళు ఇంటికి సెలవు పెడతారా?" అని కూడా అంటాడు.

వాళ్ళు చేసే పని చిరునామాలు చదవడం. పార్శిళ్ళ మీద రాత చెరిగిపోయి, తడిసిపోయి, చిరిగిపోయి యంత్రానికి అంతు చిక్కకపోతే, ఆ ఫొటో వీళ్ళ ముందుకొస్తుంది. 'నీళ్ళ ట్యాంకు ఎదుటి సందు, కుక్క ఉన్న ఇల్లు' అనో, 'పాత టైలరు మేడ వెనక, ఆకుపచ్చ గేటు' అనో ఉన్నదాన్ని పోల్చుకుని, కూడబలుక్కుని, అవసరమైతే ఫోన్ చేసి అడిగి, సరైన చిరునామా కొట్టాలి. అందరూ ఎవరిళ్ళల్లో వాళ్ళు కూర్చునే చేస్తారు. షరతు ఒక్కటే. ఏ ఇల్లు చూపించి చేరారో ఆ ఇంట్లోంచే చెయ్యాలి. కెమెరా ఆపకూడదు. వెనక బొమ్మలూ గిమ్మలూ పెట్టకూడదు, అసలైన గోడే కనపడాలి. ఊరు దాటితే ఉద్యోగం దాటినట్టే.

మన గడియారం ఊరు కాదు, ఏకంగా సముద్రమే దాటాడు.

భార్యకి ఈ చలిదేశంలో ముసలివాళ్ళ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. "మా ఆవిడ ఒక్కతే వెళ్ళింది, నేనిక్కడే ఉన్నా" అని ఆఫీసులో చెప్పి, ఆమె పక్క సీట్లోనే కూర్చుని విమానం ఎక్కాడు. వస్తూ వస్తూ ముందుగది కర్టెన్ పెట్టెలో పెట్టుకొచ్చాడు. నీలం రంగు మీద గోధుమరంగు పువ్వులు. ఇన్నాళ్ళూ అతని తల వెనక ఆఫీసువాళ్ళు చూసిన కర్టెన్ అదే. ఇక్కడి కిటికీకి దాన్నే కట్టి, మడతలు లెక్కగా సర్ది, అంచులకి పిన్నులు గుచ్చాడు. చలికి ఇంటాయన కిటికీల సందులన్నీ రబ్బరు పట్టీలు వేసి మూసేశాడు కాబట్టి, సర్దిన మడత సర్దినట్టే ఉండేది. అది చూసుకుని తెగ మురిసిపోయేవాడు కూడా. అక్కడ పట్టపగలు వేళకి ఇక్కడ ఇంకా తెల్లారదు. అందుకని బల్లమీదో పెద్ద దీపం పెట్టుకుని, సూర్యుణ్ణి స్విచ్చి నొక్కి లేపేవాడు.

ఆఫీసువాళ్ళ కంప్యూటరేమో అక్కడ పాత ఇంట్లోనే ఉంది. ఆ ఇంట్లోనే ఉంటున్న బావమరిది రోజూ దాన్ని ఆన్ చేస్తే, ఇతను ఇక్కణ్ణించి అందులోకి దూరి పని చేసుకుంటాడు. దాని పుణ్యమా అని, ఇక్కడ కరెంటు రెప్పపాటైనా పోకపోయినా, అక్కడ పోయినప్పుడల్లా ఇతనికీ పోతుంది.

ఉద్యోగం మానెయ్యొచ్చు కదా అంటారేమో. ఈ దేశం కాగితాల్లో అతను 'ఉద్యోగినితో పాటు వచ్చినవాడు'. సొంతంగా పని వెతుక్కునే వీలు లేదు. కింద కొట్టువాడు ఓసారి మాటవరసకి "మీరేం చేస్తుంటారు?" అని అడిగితే, సమాధానం చెప్పుకోవడానికి ఈ కుర్చీ ఒక్కటే ఉంది. అది కూడా పోతే తనెవరో తనకే తెలీదని అతని భయం. అందుకే ఆ ఇంట్లో, పని నడిచినంతసేపూ, భార్య నిటారుగా నడవలేదు.

ఆ రోజు మీటింగులో అన్నయ్య గొంతు మామూలుగా లేదు.

మామూలుగా అయితే "ఏమర్రా, తిన్నారా?" అని మొదలెట్టేవాడు. ఆ రోజు తినడాల ఊసెత్తలేదు. తెరమీద వరసగా వెలిగిన మొహాల్లో ఒక మొహం వెనక మాత్రం తెల్లటి టైల్స్ గోడ, ఆ గోడ పక్కన సెలైన్ సీసా వేలాడే ఇనప కడ్డీ కనపడుతున్నాయి. ఆ మొహం పిచ్చుకది. అందరికన్నా చిన్నది. వాగుడు ఆపదని ఆ పేరు. గడియారాన్ని బాబాయ్ అనేది.

"ఇదేం గోడమ్మా?" అన్నాడు అన్నయ్య.

"ఆసుపత్రి వరండా అన్నయ్యా. అమ్మకి ఆపరేషనయింది. మీకు మొన్నే చెప్పానుగా, నాలుగు రోజులు ఇక్కణ్ణించే చేస్తానని. పని ఏమీ ఆగలేదు, కావాలంటే చూస్కోండి..."

"చెప్పావు. నేను సరే అన్నానా?"

పిచ్చుక నోరు తెరిచి, మూసింది. ఆ పిల్ల నోరు మూయడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"అమ్మకి బాగోలేదంటే నాకు మాత్రం బాధ లేదా? నాకూ అమ్మ ఉంది. కానీ రూలంటే రూలు. ఇవాళ ఆసుపత్రి అంటారు, రేపు అత్తారిల్లు అంటారు, ఎల్లుండి బస్సులో కూర్చుంటారు. అదిగో, గడియారాన్ని చూడండి. కట్టుకున్న పెళ్ళాం సముద్రాలు దాటి వెళ్ళిపోయింది. ఒంటరిగా, వండుకుని తింటూ, ఒక్కరోజు ఆ కుర్చీ వదిలాడా? ఆ గోడ మారిందా? అదీ నిబద్ధతంటే! తమ్ముడూ, నువ్వు చెప్పు. కష్టాలు లేనిదెవరికి? చిన్నపిల్ల, నువ్వు చెబితే వింటుంది."

అందరి కళ్ళూ అతని మీద పడ్డాయి. నిజానికి తెరమీద కళ్ళు ఎటు చూస్తున్నాయో ఎవరికీ తెలీదు గానీ, అతనికి మాత్రం ఒళ్ళంతా గుచ్చుకున్నాయి. సరిగ్గా అప్పుడే పడగ్గది తలుపు సందులోంచి భార్య తొంగి చూసింది. నీళ్ళ సీసా పట్టుకుని, వంటింటి వైపు రావడానికి మీటింగు ఎప్పుడవుతుందా అని గుమ్మంలో చతికిలబడి కూర్చుంది.

"అంటే... రూలు... అందరం పాటిస్తేనే కదమ్మా..." అన్నాడు గడియారం. "ఇల్లు వదలకుండా... ఎలాగో అలా సర్దుకోవాలి."

ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ వెంటనే మరికొందరు కొట్టారు. అందరికన్నా పెద్దవాడైన తాతయ్య మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు. పిచ్చుక "సరే బాబాయ్" అంది. అన్నయ్యతో కాదు, ఇతనితో అంది. ఆ తర్వాత ఆ చదరంలో మొహం పోయి నలుపు మిగిలింది. కాసేపటికి ఆ నలుపు కూడా పోయి, మిగతా మొహాలు జరిగి సర్దుకున్నాయి.

భార్య గుమ్మంలోంచి అతనికేసి చూస్తూనే ఉంది. నీళ్ళ సీసా నేలమీద దొర్లించి వంటింటి వైపు పంపించి, దాని వెనకాలే తనూ వంగి వెళ్ళింది.

మర్నాడు, ఉద్యోగంలోంచి తీసేసిన పిచ్చుక వాటా ఫొటోలు కూడా ఇతని ముందుకొచ్చి పడ్డాయి. వాటితో కుస్తీ పడుతుంటే ఆ పిల్ల ఫోన్ చేసింది. అక్కడి నంబరునే కంప్యూటరుకి కట్టుకున్నాడు కాబట్టి, మోగడం ఇక్కడే మోగుతుంది. టీ తాగే వేళ, ఓ పది నిమిషాలు కెమెరా ఆపుకోవచ్చు. ఎత్తాలా వద్దా అని తటపటాయించి, తప్పదన్నట్టు ఎత్తాడు.

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"బాబాయ్, మీమీద నాకేం కోపం లేదు. ఆయన అడిగితే మీరు మాత్రం ఏమంటారు? అది కాదుగానీ, ఆసుపత్రి మీ ఊళ్ళోనే కదా. మీ ఇంటికి రెండు వీధుల అవతలేనట. సాయంత్రం ఒక్క గంట అమ్మ దగ్గర కూర్చుంటారా? మాది పక్కూరేగా, ఇంటికెళ్ళి స్నానం చేసి, బట్టలు తెచ్చుకుంటా. నాకిక్కడ తెలిసినవాళ్ళు మీరొక్కరే."

అతని చెయ్యి అసంకల్పితంగా దీపం స్విచ్చి మీదకి పోయింది. కర్టెన్ అంచులోంచి చూస్తే బయట చీకటి ఇంకా పూర్తిగా విచ్చుకోలేదు. వీధిలో ఒకే ఒక్క లారీ చెత్త ఎత్తుకుంటోంది.

"నాకూ... జ్వరంగా ఉందమ్మా. నిన్నట్నించీ. ఆసుపత్రికి ఇలా రాకూడదేమో, మీ అమ్మగారికి అంటుకుంటుంది" అన్నాడు. ఇంత చక్కటి అబద్ధం ఇంత త్వరగా తన్నుకొచ్చినందుకు అతనికే ఆశ్చర్యం వేసింది. అబద్ధం కూడా అభ్యాసమే కాబోలు.

"అయ్యయ్యో! జ్వరంతో కూర్చుని పని చేస్తున్నారా? ఒంటరిగా ఏం తింటున్నారు బాబాయ్?"

"ఏదో ఒకటి. నువ్వు బెంగపెట్టుకోకు."

ఫోన్ పెట్టేశాక చూస్తే డ్యూటీ నుంచి వచ్చి పడుకున్న భార్య, నిద్రపట్టక లేచి గుమ్మంలో నిలబడి ఉంది. కెమెరా ఆపి ఉందని చూసుకుని, ఒక చేత్తో నడుం పట్టుకుని, గోడకి ఆనుకుంది. రాత్రి ఎవరో బరువైన ముసలాయన్ని పక్కకి తిప్పబోతుంటే వెన్నులో కలుక్కుమందట. రాత్రంతా అక్కడ మంచాల మీద వంగడం, పొద్దున ఇక్కడ కెమెరా కింద వంగడం.

"జ్వరమా?" అంది.

"ఏం చెప్పమంటావు మరి?"

"ఆ దేవుడికే తెలియాలి. పరాయి ముసలాళ్ళందర్నీ నేను పక్క తిప్పుతున్నా. మన ఊళ్ళో, మన వీధి పక్కన, ఒక తల్లి దగ్గర గంటసేపు కూర్చోవడానికి మనింట్లో మనిషి లేడు. ఉన్నాడని ఊరంతా అనుకుంటోంది."

"నేను సరదాకి చేస్తున్నానా ఇదంతా?" గొంతు లేచింది అతనికి. "ఈ ఉద్యోగం పోతే నువ్వు డ్యూటీకి వెళ్ళిందగ్గర్నించీ ఈ గోడలకేసి చూస్తూ కూర్చోవాలి నేను. అప్పుడు సంతోషమా నీకు?"

"ఇప్పుడు మాత్రం దేనికేసి చూస్తున్నారండీ?" అంది ఆమె నెమ్మదిగా. గోడ పట్టుకుని స్నానాల గదికి వెళ్ళింది. పది నిమిషాలు అయిపోయాయి. ఆమె లోపలే చిక్కుకుపోయింది. కెమెరా వెలిగింది. అతను నవ్వు మొహం పెట్టాడు.

అబద్ధానికి కాళ్ళొచ్చాయి. మర్నాడు అక్కడి మధ్యాహ్నం వేళ బావమరిది ఫోన్ చేశాడు, ఊపిరి ఆడనట్టు.

"బావా, కొంప మునిగింది! మీ ఆఫీసు పిల్ల వచ్చింది!"

గడియారం కెమెరా ముందున్నాడు కాబట్టి మొహంలో ఏమీ కనపడనివ్వకుండా, పార్శిలు వాళ్ళతో మాట్లాడుతున్నట్టు, "అవునండీ, చెప్పండి, ఏ వీధి?" అన్నాడు.

"ఏ వీధేంటి బావా, మన వీధే! నేను తువ్వాలు కట్టుకుని తలుపు తీశా. చేతిలో డబ్బా పట్టుకుని నిలబడింది. 'బాబాయ్‌కి జ్వరమట కదా, గంజి తెచ్చా' అంది. పడుకున్నాడని చెప్దామనుకునే లోపలే, ముందుగదిలో ఖాళీ కుర్చీ, దానెదురుగా దానంతటదే పని చేసుకుంటున్న కంప్యూటరూ చూసేసింది. నువ్వు అప్పుడే ఏదో చిరునామా కొడుతున్నావ్. అక్షరాలు వాటంతటవే పడుతున్నాయి. దయ్యాన్ని చూసినట్టు చూసింది బావా!"

"తర్వాతండీ?"

"కిటికీకేసి చూసింది. కర్టెన్ లేదుగా. నాకేసి చూసింది. ఏమీ అడగలేదు. 'డబ్బా తర్వాత తీసుకుంటాలెండి' అని పెట్టేసి వెళ్ళిపోయింది. ఆ గంజి ఏం చెయ్యను?"

"తాగండి" అన్నాడు గడియారం.

ఇక అయిపోయిందనుకున్నాడు. తన పేరు చెప్పి ఆ పిల్ల ఉద్యోగం పీకేశారు. సర్దుకోవాలమ్మా అని తనే నీతులు చెప్పాడు. ఇప్పుడు పిచ్చుక నోరు ఊరుకుంటుందా? తనే ఆ స్థానంలో ఉంటే ఊరుకుంటాడా? కుడితిలో పడ్డ ఎలుకలా ఆ రోజంతా కొట్టుకున్నాడు. ఎదురుగా ఉన్న ఫొటోలో 'రేకుల షెడ్డు పక్కిల్లు' అన్న మాట కళ్ళముందే ఈదుతోంది గానీ బుర్రకి ఎక్కడం లేదు.

అన్నయ్య నుంచి పిలుపు రానే వచ్చింది. మిగతా ఎవరూ లేకుండా, ఇతనొక్కణ్ణే. ఎప్పుడూ లేనిది, మొహం చూపించకుండా ఉత్త గొంతుతోనే.

"తమ్ముడూ, ఓ మాట మాట్లాడాలి."

"అన్నయ్యా, తప్పు నాదే" అనేశాడు గడియారం. ఆ మాట ఇన్నాళ్ళూ పళ్ళ వెనక కాచుకుని కూర్చున్నట్టు బయటికి దూకింది. "ఆ అమ్మాయి చెప్పిందంతా నిజమే. నేను అక్కడ లేను. మా ఆవిడతోపాటే వచ్చేశా. మొదట్నించీ ఇక్కడే ఉన్నా."

అవతల నవ్వు వినపడింది. మంచి మనిషి నవ్వులాగే ఉంది, అదే ఘోరం.

"ఏ అమ్మాయి? నాకెవరూ ఏమీ చెప్పలేదే. ఆదివారాలు కూడా నువ్వు కాస్త కూర్చుంటావా అని అడగడానికి పిలిచా."

"అంటే అన్నయ్యా, అది..." అని గడియారం మాట వెనక్కి లాక్కోబోయాడు.

"ఒరేయ్ పిచ్చివాడా, నీ సంగతి నాకొకళ్ళు చెప్పాలా? గుర్తుందా, ఓసారి మీ ఇంటికి భోజనానికొచ్చా. ఆ కర్టెన్ పక్కనే కూర్చోబెట్టావు. నడినెత్తిన ఫ్యాను. ముద్ద ముద్దకీ ఆ కర్టెన్ వచ్చి నా మొహానికి కొట్టుకుంది. నువ్వు దాన్ని పట్టుకునే నిలబడ్డావు, నేను తిన్నంతసేపూ. అలాంటిది, మొన్న మండుటెండల్లో, అందరూ చెమటలు కక్కుతుంటే, నీ వెనక ఆ కర్టెన్ గోడమీద బొమ్మలా బిగుసుకుని ఉంది. ఒక్క మడత కదల్లేదు. నువ్వేమో చొక్కా బొత్తాలు గొంతు దాకా పెట్టుకుని కూర్చున్నావు. ఆ రోజే అనుకున్నా, మనవాడు చల్లటి చోటే చూసుకున్నాడని."

"అయితే... ఎందుకు ఊరుకున్నారన్నయ్యా?"

"ఎందుకు ఊరుకోను? సెలవడగవు. జీతం పెంచమనవు. రాత్రిలేదు పగలులేదు, ఏది పంపినా కిక్కురుమనకుండా చేస్తావు. నీలాంటివాడు ఇంకోడు దొరుకుతాడా నాకు? నువ్వు చెప్పలేదు, నేనడగలేదు. ఇప్పుడు కూడా నువ్వేమీ చెప్పలేదు, నేనేమీ వినలేదు. సరేనా?"

"మరి ఆ పిల్ల?" అన్నాడు గడియారం. "మీకు చెప్పే వెళ్ళింది కదా ఆ పిల్ల. దాచలేదు కదా."

"అదే తమ్ముడూ చిక్కు. అడిగింది. అడిగినవాళ్ళకి ఊఁ అంటే రేపు అందరూ అడుగుతారు." అన్నయ్య ఆవులించాడు. "ఆదివారం సంగతి మర్చిపోకు."

తెరమీద మళ్ళీ పార్శిలు ఫొటో వచ్చింది. గడియారం వెనక్కి తిరిగి కర్టెన్‌కేసి చూశాడు. ఎంత ముచ్చటగా సర్దుకున్నాడు ఆ మడతలు! తను తలుపు వేసుకుని దాక్కున్నాననుకుంటే, తాళం అవతలివాడి చేతిలో ఉంది మొదట్నించీ. ఇంతకాలం అతని భార్య నేలమీద పాకింది ఎవరికీ కనపడకూడదని కాదు. అంతా తెలిసీ ఊరుకున్నవాడి సుఖం కోసం పాకింది. ఆ ఆలోచన రాగానే అతనికి ఒంట్లో నిజంగానే జ్వరం వచ్చినట్టయింది. పిచ్చుక ఎవరికీ చెప్పలేదన్నది ఇంకాస్త ఆలస్యంగా తట్టింది. నోరాగని పిల్ల, చెప్పడానికి హక్కున్న ఒక్క మాటా చెప్పకుండా మింగేసింది. తనేమో వెంటనే దాని మీదే నింద వేశాడు.

పని ముగిశాక, భార్య లేచేసరికి, అతను తన అసలు ఫోన్‌లోంచి బావమరిదితో మాట్లాడుతున్నాడు.

"ఆసుపత్రికి వెళ్ళరా. వాళ్ళమ్మ దగ్గర కూర్చో. ఆ పిల్ల ఇంటికెళ్ళి వచ్చేదాకా కదలకు. ఎవరు పంపారంటే... నేనే పంపానని చెప్పు. ఎక్కణ్ణించి అని అడిగితే అది కూడా చెప్పు."

"ఖాళీ డబ్బా పట్టుకెళ్ళి ఇచ్చేస్తాడు వాడు" అంది భార్య పడగ్గదిలోంచి. "ఏదైనా పెట్టి ఇమ్మనండి."

అతను ఆ మాట కూడా చెప్పాడు. అన్నయ్యతో జరిగింది మాత్రం ఆమెకి చెప్పలేకపోయాడు. చెప్పాలంటే ముందు ఆమె నడుం సంగతి మాట్లాడాలి.

మర్నాడు మీటింగు నడుస్తుండగా తాళంచెవి తిరిగింది.

గడియారం గొంతు పెంచలేదు. పెంచబోయి, ఆగిపోయాడు. తాళం చప్పుడు, తలుపు కిర్రు, బూట్ల చప్పుడు అన్నీ మీటింగులోకి వెళ్ళిపోయాయి. అన్నయ్య ఓ క్షణం ఆగి, ఏమీ విననట్టు మళ్ళీ అందుకున్నాడు. పిచ్చుక స్థానంలో కొత్తవాళ్ళొచ్చేదాకా అందరూ తలా కాస్త మొయ్యాలనీ, ఇల్లన్నాక మోత ఉంటుందనీ చెబుతున్నాడు.

భార్య వంగింది. సంచీ పొట్టకి అదుముకుని నాలుగడుగులు వేసింది. సరిగ్గా అతని కుర్చీ వెనక్కి వచ్చేసరికి ఆమె నోట్లోంచి "హమ్మ్" అని చిన్న మూలుగు వచ్చి, వెంటనే ఆగిపోయింది. నోరు మూసుకుని ఆపుకుంది. అతను మెడ తిప్పలేదు. కర్టెన్ కింది అంచు పట్టుకుని, ఒక మోకాలు నేలకానించి, ఆమె అక్కడే ఉండిపోయిందని ఊపిరిని బట్టి తెలుస్తోంది. ముందుకీ పోలేదు, వెనక్కీ పోలేదు. నడుం పట్టేసింది.

"...గడియారాన్ని చూసి నేర్చుకోండి. ఆదివారం కూడా కూర్చుంటానన్నాడు పాపం, నేనడక్కుండానే. ఏం తమ్ముడూ?"

వెనక నేలమీద ఆమె ఊపిరి బిగబట్టింది. మీటింగు అయ్యేదాకా అలాగే ఉందామనుకుంటోంది. ఉంటుంది కూడా, ఆమె సంగతి అతనికి తెలీదా? చిన్న బొట్టు ఒకటి టప్‌మని చెక్క నేలమీద పడింది. చెమటో, కన్నీరో.

గడియారం కుర్చీ వెనక్కి జరపకుండా పక్కకి తిప్పి లేచాడు. ఆఫీసు వేళల్లో అతను లేవడం ఆ తెరమీద ఎవరూ చూసి ఉండరు. వంగి, ఆమె చంకల కింద చేతులు వేశాడు. ఆసుపత్రిలో ముసలాళ్ళని ఎలా లేపాలో ఆమే ఓసారి చూపించింది, నడుం మీద కాదు, కాళ్ళ మీద బరువు పెట్టుకోవాలని. అలాగే లేపాడు. ఆమె వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతూనే, అతని భుజం పట్టుకుని, మెల్లిమెల్లిగా లేచింది. లేస్తూ లేస్తూ కర్టెన్ లాగింది. పిన్నులు రాలాయి. సగం కర్టెన్ జారి, వెనక కిటికీలోంచి బూడిదరంగు తెల్లవారుజాము, ఎదుటి మేడ కిటికీల్లో వెలిగిన దీపాలు, అన్నీ గదిలోకి వచ్చి నిలబడ్డాయి.

తెరమీద మొహాలన్నీ బిగుసుకుపోయాయి.

అందరికన్నా ముందు తేరుకున్నవాడు అన్నయ్య. "తమ్ముడూ, నీ కెమెరా... నీ కెమెరా ఆపుకో. ఏదో ఇంట్లో పని ఉన్నట్టుంది. ఆపుకో, ఆపుకో, పర్లేదు."

ఆ గొంతులో ఎంత ఆదరం! గడియారానికి ఆ ఒక్క క్షణం ఆశ పుట్టిందంటే అబద్ధం కాదు. ఒక్క స్విచ్చి నొక్కితే చాలు. కర్టెన్ మళ్ళీ కట్టుకోవచ్చు. కుర్చీ ఉంటుంది. అందరూ ఏం చూశారో వాళ్ళకే అనుమానం వచ్చేలా అన్నయ్య సర్దేస్తాడు. ఆమె వేళ్ళు అతని భుజంలో గుచ్చుకుని ఉన్నాయి.

"ఎందుకన్నయ్యా, మీకు తెలిసిందే కదా" అన్నాడు.

అరవలేదు. టీ తాగారా అన్నంత మామూలుగా అన్నాడు. ఆ మాటకి మొహాలన్నీ ఇతన్ని వదిలేసి అన్నయ్య చదరంకేసి తిరిగాయి. ఈసారి మాత్రం ఎటు చూస్తున్నారో బాగానే తెలిసింది.

"మా ఆవిడండీ" అన్నాడు గడియారం మిగతావాళ్ళతో. "నేనీ మధ్య ఊళ్ళో లేను. ఆ పిల్ల ఆసుపత్రికెళ్తున్నానని చెప్పి వెళ్ళింది. నేను చెప్పకుండా వచ్చా. మొన్న సర్దుకోవాలమ్మా అన్నది నేనే. అది తప్పు."

అన్నయ్య ఏదో అనబోయి, దగ్గి ఊరుకున్నాడు. తాతయ్య కళ్ళజోడు పెట్టుకుని తెరకి దగ్గరగా వంగాడు.

"అమ్మాయ్, బాగున్నావా? నిలబెట్టే ఉంచాడేంటి వీడు, కూర్చోబెట్టరా అబ్బాయ్" అన్నాడు.

"బాగానే ఉన్నానండీ తాతయ్యగారూ" అంది ఆమె. ఏం చెయ్యాలో తెలీక ఓ చేత్తో జుట్టు సర్దుకుంది. "నడుమే..."

అన్నయ్య అటునుంచి ఆపేసినట్టున్నాడు, తెర నల్లబడింది. మొదట మొహాలు పోయాయి, తర్వాత అతను సగం కొట్టిన చిరునామా పోయింది. 'బడి గోడ వెనక, మూడో...' దగ్గర ఆగింది. ఆ పార్శిలు ఎవరిదో, మూడో ఏమిటో, ఇంకెవరో చూసుకోవాలి. అతను కాసేపు ఆ నలుపులో తన మొహం చూసుకున్నాడు. భయం వేసింది. ఊరట కలుగుతుందనుకున్నాడుగానీ, కలిగింది భయమే. రేపు పొద్దున లేచి ఏం చెయ్యాలి, ఎవరి ముందు కూర్చోవాలి?

ఆమెని తన కుర్చీలో కూర్చోబెట్టి, వీపు వెనక దిండు పెట్టాడు. పెద్ద దీపం ఆర్పేశాడు. దాని అవసరం లేకుండానే గదిలో వస్తువులు కనపడుతున్నాయి. ఫోన్‌లో బావమరిది ఏదో పంపాడు. ఆసుపత్రి వరండా బల్లమీద పిచ్చుక, తల తడిగా, ఉతికిన బట్టల్లో, ఒళ్ళో డబ్బా పెట్టుకుని తింటోంది. 'బాబాయ్ జ్వరం తగ్గిందా అని అడగమంది' అని కింద రాశాడు. గడియారం దాన్ని రెండుసార్లు చదివి భార్య చేతికిచ్చాడు. ఆమె చదివి, అతనికేసి చూసి, "తగ్గిందని చెప్పండి" అంది.

కాసేపటికి ఆమె కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. నీళ్ళు తాగొస్తానంది. తను తెస్తానన్నా వినలేదు. రెండడుగులు వేసి, కుర్చీ వెనక జానెడు దారిలోకి రాగానే, అలవాటు కొద్దీ తల దించింది. నొప్పితో పళ్ళు బిగించి, మోకాళ్ళు మడిచి, వంగబోయింది.

"ఎవరూ లేరే" అన్నాడు అతను.

ఆమె అలాగే సగం వంగి ఆగిపోయింది. నల్లబడిన తెరకేసి చూసింది, జారిపోయిన కర్టెన్‌కేసి చూసింది, అతనికేసి చూసింది. తర్వాత ఓ చేత్తో కిటికీ పట్టుకుని, ఇంకో చెయ్యి అతనందిస్తే పట్టుకుని, కొంచెం కొంచెంగా నడుం నిలబెట్టి, వంటింట్లోకి నడిచి వెళ్ళింది.